పడగ్గది గోదాం కాదు

కొత్త బియ్యం ఇంటికొచ్చాక ఏడాది గింజలు బస్తాల్లో పోసి ఏ మంచం పక్కనో పెట్టుకోవడం మనకు మామూలే. ముక్కుపురుగు పడితే కష్టమంతా నుసైపోతుందన్న భయమూ మామూలే. ఆ భయంతోనే జనం పురుగుమందుల కొట్టుకు పరిగెడుతున్నారు. నేను చూసిన ఒక కొట్టులో, ‘బియ్యంలో వేసే బిళ్లలు’ అనగానే కుర్రాడు డబ్బాలోంచి నాలుగు తీసి పాత పేపర్లో పొట్లం కట్టాడు. ఎక్కడ పెడతారని అడగలేదు. కొన్నాయన ఆ పొట్లాన్ని చెమటకు తడిసిన చొక్కా జేబులో వేసుకుని బండెక్కాడు.

అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. వాటికి తడే నిప్పు. గాలిలో తేమ తగిలితే చాలు, 3 గ్రాముల బిళ్ల నుంచి దాదాపు గ్రాము ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. పురుగును చంపేది అదే, మనిషిని చంపేదీ అదే. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిని మూసేసి రెండు బిళ్లలు పెడితే, పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 50 పాళ్లు ఫాస్ఫీనే ఉంటుంది. ప్రాణానికి తక్షణ ముప్పు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ గీత గీసింది ఆ 50 దగ్గరే. ఈ విషానికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు. ఆ వాసన కల్తీ వాయువులది. స్వచ్ఛమైన ఫాస్ఫీన్‌కు వాసన లేదు.

2017 జనవరిలో అమెరికాలోని అమరిల్లోలో ఒక ఇంటి కింద ఎలుకల కోసం ఈ మందు పెట్టారు. తర్వాత దాన్ని కడిగేద్దామని నీళ్లు కొట్టారు. వాయువు ఒక్కసారిగా ఇంట్లోకి ఎగదన్నింది. నలుగురు పిల్లలు చనిపోయారు.

గోదాంలో ఇదే బిళ్లను ఎలా వాడతారో చూడండి. బస్తాల నిట్టును మందపాటి పట్టాతో కప్పుతారు. అంచులు లేవకుండా చుట్టూ ఇసుక సంచులు పేరుస్తారు. ప్రమాద సూచిక కట్టి, వారం పాటు ఎవరినీ దగ్గరకు రానివ్వరు. తర్వాత గాలి ఆడించి, కొలిచి చూశాకే లోపలికి పంపుతారు. మన పడగ్గదిలో ఇందులో ఏ ఒక్కటి జరుగుతుంది? తలుపు సందుల్లోంచి వాయువు పక్క గదికి పోతుంది. పురుగుకు చాలినంత అందదు, గుడ్లు బతికిపోతాయి. అరకొర మోతాదుకు తట్టుకున్న పురుగే మళ్లీ పుట్టుకొస్తుంది. ఫాస్ఫీన్‌కు లొంగని నుసిపురుగు, పిండిపురుగు మన దేశంలో ఇప్పటికే ఉన్నాయి. ప్రాణం పణంగా పెట్టినా గింజ దక్కదన్నమాట.

చట్టం లేక కాదు. పది, ఇరవై బిళ్లలుండే గొట్టాల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని కేంద్రం 2001లోనే పూర్తిగా నిషేధించింది. ఈ 3 గ్రాముల బిళ్లలను నిపుణుల పర్యవేక్షణలో ప్రభుత్వ సంస్థలు, పురుగుల నివారణ సంస్థలే వాడాలని చెప్పింది. కాగితం మీద అంత కట్టుదిట్టం, కొట్టులో ఇంత విడివిడి అమ్మకం! వ్యవసాయాధికారులు ఎరువుల నిల్వలు తనిఖీ చేసినట్టే ఈ డబ్బాల లెక్కా అడగాలి. ఎవరికి అమ్మారో రాసి లేని కొట్టు లైసెన్సు రద్దు చేయాలి.

అలాగని రైతును ఉత్త చేతులతో పంపలేం. గింజను కొరికితే పటుక్కుమనేదాకా ఎండబెట్టుకుంటే సగం పురుగు రాదు. గాలి చొరని మూడు పొరల సంచిలో మూతి బిగిస్తే లోపలి పురుగు ఊపిరాడక చస్తుంది, మందు అక్కర్లేదు. విత్తనాలకు ఇస్తున్న రాయితీలో కొంత ఆ సంచులకూ ఇవ్వాలి. ఇప్పటికే ఇంట్లో బిళ్లలు పెట్టినవాళ్లు ఈ రాత్రి ఆ గదిలో పడుకోకండి. తలుపులు తెరిచి బయటికి రండి, బిళ్లల మీద నీళ్లు పోయకండి. తలనొప్పి, వాంతులు, ఆయాసం మొదలైతే ఆసుపత్రిలో ముందుగా చెప్పాల్సింది ఈ బిళ్లల సంగతే.