దొడ్డిలో దుప్పిపిల్ల

అడవి నానుకొనియున్న గ్రామములలో పొదలు కొట్టునపుడు గాని చెఱకు నఱకునపుడు గాని దుప్పిపిల్లయో, చిఱుతపిల్లయో కంటబడుట క్రొత్త కాదు. దుప్పిపిల్లయైనచో ఇంటికి తెచ్చి, ఆవుపాలు పట్టి, మెడకు గంట కట్టి పెంచుట పుణ్యకార్యమని మన రైతులలో పెక్కుమంది తలంతురు. వారి జాలిని మేము తప్పుపట్టము. ఆ పనివలన గలుగు కీడును మాత్రము దాచక చెప్పవలసియున్నది.

తల్లి లేనిదని తెచ్చిన పిల్లలలో చాలవానికి తల్లి యుండును. దుప్పి తన పిల్లను గడ్డిలో దాచి మేతకు పోవును. కదలక పడియుండుటయే ఆ పిల్లకు రక్ష. చిఱుతయు నట్లే కూనలను చెఱకుతోటలో విడిచి వేటకు పోవును. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురములో నాలుగు పెద్దపులికూనలు కనబడగా, గ్రామస్థులు వానిని కుక్కలబారినుండి కాపాడి అటవీశాఖకు అప్పగించిరి. మంచిపని చేసిరి. శాఖవారు ఎంత వెదకినను తల్లి చిక్కలేదు. కూనలను తిరుపతి జంతుశాలకు చేర్చవలసివచ్చెను. అడవిలో పుట్టినదానికి మనుష్యుల సాకుడు ఎప్పుడును తల్లి సాకుడు కానేరదు.

పులికూనను పెంచరాదని ఎవరైనను ఒప్పుకొందురు. దుప్పి సాధుజంతువు గదా యందురు. ఇక్కడనే మోసము గలదు. తనజాతి నెఱుగక మనుష్యుల నడుమ పెరిగిన మగదుప్పి మనుష్యునే తనజాతివానిగా భావించును. కొమ్ములు గట్టిపడి మదించినపుడు అడవిలో మఱియొక మగదుప్పిని కుమ్మునట్లే, ముద్ద పెట్టిన చేతిని, దొడ్డి ఊడ్చు పిల్లను కుమ్మును. మనుష్యుడన్న భయము దానికి లేకుండ చేసినది మనమే. ఎద్దు మాత్రము పొడువదా యని కొందఱు అడుగుదురు. పొడుచును. కాని ఎద్దునకు ముకుత్రాడున్నది, వృషణములు నొక్కించిన సాధుత్వ మున్నది, వేలయేండ్లుగా మనుష్యునితో మెలగిన వంశ మున్నది. దుప్పికి ఉన్నది చిన్నతనపు మచ్చిక యొక్కటే.

పొరుగువాని క్షేమమును ఆలోచింపవలెను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, జేన్స్‌విల్ పట్టణము చెంత నొక ఆసామి తన సొంతపొలములో పులులను, సింహములను, ఎలుగులను పెంచుచుండెను. 2011 అక్టోబరు 18న బోనులు తెఱచి తాను ఆత్మహత్య చేసికొనెను. చీకటి పడుచుండగా ఊరిమీదికి రానున్న మృగములను పోలీసులు కాల్చక తప్పలేదు. చచ్చినవి 49, అందులో పులులే 18, సింహములు 17. పాపము, వానిలో నొక్కటియు తానుగా ఆ పొలమునకు వచ్చినది కాదు. మఱుసటి యేడే ఆ రాష్ట్రము అట్టి పెంపకమును కట్టడిచేయుచు శాసనము చేసెను.

మనకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము గలదు. దానినిబట్టి దుప్పిని పట్టుటయు వేటయే. ముద్దుగా పెంచితి మన్నది సమాధానము కాదు. అట్టి ప్రాణి చేతికి వచ్చినచో 48 గంటలలోగా పోలీసుఠాణాకు గాని అటవీశాఖాధికారికి గాని తెలుపవలెను.

ఇదివఱకే పెంచుచున్న సభ్యులు భయపడి రాత్రివేళ త్రాడు కోసి అడవిలో విడువవలదు. మచ్చికయైనది మరల ఊరివైపే వచ్చును; దారిలో కుక్కలపాలగును, లేదా ఎవరి పొలములోనో ఎవరినో పొడుచును. అటవీశాఖవారు వచ్చి తీసికొనిపోవువఱకు గట్టి కంచెలోపల నుంచి, పిల్లలను దరికి పోనీయక, నీళ్లును మేతయు కంచె వెలుపలినుండియే అందింపుడు.