జైలు చూడ్డానికి జర్మనీ దాకా

"బెర్లిన్ దాకా వచ్చి జైలు చూస్తానంటాడేవిట్రా మీ మావయ్య! ముప్పయ్యేళ్ళు చూసింది చాల్లేదా?" అని అత్తయ్య వంటింట్లోంచే విసుక్కుంది.

మావయ్య జైళ్ళ శాఖలో వార్డరుగా చేరి డిప్యూటీ జైలరుగా రిటైరయ్యాడు. మా దగ్గరికి వచ్చేముందు ఊళ్ళో రిటైర్డ్ ఉద్యోగుల సంఘం వాళ్ళు "అక్కడి జైళ్ళు చూసి రండి, వచ్చాక ఓ ఉపన్యాసం ఇద్దురుగాని" అన్నారట. అంతే, ఈయన దాన్ని గవర్నమెంటు ఆర్డరులా పట్టుకున్నాడు. చేతిలో చిన్న నోట్‌బుక్కు, జేబులో రెండు పెన్నులు.

నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. మనవైపు 'స్టడీ టూరు' అనే మాటకి నిఘంటువులో ఏ అర్థమున్నా జనం నోట్లో అర్థం ఒక్కటే: సర్కారు ఖర్చుతో పిక్నిక్. పొద్దున ఓ గంట మీటింగు, మిగతా రోజంతా పడవ షికారు, చివర్లో మెడలో కార్డులతో గ్రూపు ఫొటో. నేనూ ఇన్నాళ్ళూ అలాగే వెక్కిరించినవాణ్ణే. మావయ్య కోసమని కాస్త చదివాక ఆ అభిప్రాయం సగం మారింది. సగమే. మిగతా సగం గురించే ఇది రాస్తున్నాను.

2015 జూన్‌లో అమెరికా నుంచి ఓ బృందం ఇలాగే జర్మనీ వచ్చింది. న్యూయార్కులోని వేరా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ తీసుకొచ్చింది. కనెక్టికట్ గవర్నరు డానెల్ మలోయ్, మిల్వాకీ ప్రాసిక్యూటరు జాన్ చిసోమ్, జైళ్ళ శాఖల పెద్దలు అందులో ఉన్నారు. బెర్లిన్‌కి దక్షిణాన 2013లో తెరిచిన హైడరింగ్ జైలు చూశారు, ఉత్తరాన నోయ్‌ష్ట్రేలిట్స్‌లో కుర్రాళ్ళ జైలు చూశారు. ఖైదీలు సొంత బట్టలు వేసుకుని తిరుగుతున్నారు, వంట చేసుకుంటున్నారు, గార్డులకి రెండేళ్ళ శిక్షణ ఉంది. అప్పట్లో అమెరికాలో లక్షమంది జనాభాకి 700 మంది దాకా జైళ్ళలో ఉంటే జర్మనీలో 80 మంది కూడా లేరు. వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారంటే తప్పేముంది?

మరి ఇంటికెళ్ళి మర్చిపోయారా అంటే, లేదు. 2017లో కనెక్టికట్‌లోని చెషైర్ జైల్లో 18 నుంచి 25 ఏళ్ళ కుర్రాళ్ళ కోసం ఓ ప్రత్యేక విభాగం మొదలైంది. యావజ్జీవం పడ్డ పెద్దవాళ్ళు ఆ పిల్లలకి అన్నయ్యల్లా ఉండి దారి చెప్పే ఏర్పాటు. అది ఈ ప్రయాణంలోంచి పుట్టిందే. కాబట్టి పిక్నిక్ అని కొట్టిపారెయ్యడం కుదరదు.

నా పేచీ ఏమిటంటే, ఇలాంటి ప్రయాణాల్లో పొద్దున జైలు 'చదువు', సాయంత్రం ఊరు 'సరదా' అని రెండు గళ్ళు గీస్తారు. వేరే దేశాల్లో సరే. జర్మనీలో మాత్రం ఆ గీత చెల్లదు. ఇక్కడ చూడదగ్గ ప్రదేశాల్లో సగం వీళ్ళు చేసిన తప్పులే.

సరే, నడుస్తున్న జైల్లోకి మాలాంటి దారినపోయేవాళ్ళని ఎవరు రానిస్తారు? టేగెల్ జైలు గోడ బయట్నుంచి చూపించాను. మావయ్య ఎత్తు అంచనా వేసి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. తర్వాత బెర్లిన్ పెద్ద రైల్వేస్టేషన్ దగ్గర దిగి నడుచుకుంటూ మోఆబిట్ పాత జైలుకి వెళ్ళాం. జైలంటే ఇప్పుడు జైలు లేదు, కూల్చేశారు. గోడలు మిగిలాయి, లోపల పార్కు. 2006 నుంచి జనం కుక్కల్ని తిప్పుకుంటున్నారు.

దాని కథ వింటే స్టడీ టూర్లంటే కొంచెం భయం కూడా వేస్తుంది. 1842లో ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం లండన్ వెళ్ళి అప్పుడే కట్టిన పెంటన్‌విల్ జైలు చూశాడు. అప్పటి అత్యాధునిక జైలు అదే. ఒక్కో ఖైదీకి ఒక్కో గది, ఒకడి మొహం ఒకడికి కనపడకుండా ముసుగులు, రోజంతా మౌనం. ఒంటరిగా ఉంటే పశ్చాత్తాపం వస్తుందని సిద్ధాంతం. రాజుగారికి తెగ నచ్చేసింది. తిరిగొచ్చి అదే నమూనాలో ఇక్కడ కట్టించాడు. పశ్చాత్తాపం సంగతేమోగాని, మనుషులకి పిచ్చెక్కడం మొదలైందని పెంటన్‌విల్లోనే త్వరలో తేలింది. అప్పటికే నమూనా సముద్రం దాటేసింది. (మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. డెమో చూసి కొనేశాక బగ్గులు బయటపడితే ఏం చేస్తాం?)

"అంటే రాజుగారు బిల్డింగు చూసొచ్చాడన్నమాట, లోపలున్నవాణ్ణి చూళ్ళేదు," అన్నాడు మావయ్య.

అదే మోఆబిట్‌లో, హిట్లర్ కాలంలో ఆల్బ్రెఖ్ట్ హౌస్‌హోఫర్ అనే రచయిత ఖైదీగా ఉండి సానెట్లు రాశాడు. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ఇంకో రెండు వారాల్లో ముగుస్తుందనగా, విడుదల చేస్తున్నామని నమ్మించి బయటికి తీసుకెళ్ళి కాల్చేశారు. శవం దగ్గర ఆ కాగితాలు దొరికాయి.

మర్నాడు హోహెన్‌షోన్‌హౌజెన్. తూర్పు జర్మనీ రహస్య పోలీసులు స్టాజీ వాళ్ళ జైలు. 1994 నుంచి స్మారకంగా ఉంచారు. ఇక్కడ గైడుల్లో కొందరు ఒకప్పుడు అక్కడే ఖైదీలు. మాకు దొరికిన పెద్దాయన అలాంటివాడే. నేను పక్కనుంచి తెలుగులో చెబుతున్నాను. ఖైదీల్ని కిటికీల్లేని వ్యానులో తెచ్చేవారట, పైకి చూస్తే మామూలు సరుకుల బండి. ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా వాడికి తెలియనివ్వరు. పేరుతో పిలవరు, నంబరే. మావయ్య తలాడిస్తూ రాసుకుంటున్నాడు. "ఇది శిక్షపడ్డవాళ్ళ జైలు కాదు, విచారణలో ఉన్నవాళ్ళది" అని ఆయనన్న మాట నేను తెలుగులో చెప్పగానే పెన్ను ఆగిపోయింది.

"అండర్‌ట్రయల్సా?"

అవునన్నాను. ఆ తర్వాత ఒక్క ముక్క రాసుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు ట్రాములో చెప్పాడు. ఎప్పుడో సర్వీసు మొదట్లో, ఒక కుర్రాడు దొంగతనం కేసులో లోపలికొచ్చాడట. బెయిలు వచ్చింది, కానీ జామీను ఉండేవాళ్ళు లేరు. వాయిదాకి ఎస్కార్టు లేదని కొన్నిసార్లు కోర్టుకే తీసుకెళ్ళలేదు. నేరం రుజువైనా పడేదానికంటే ఎక్కువ రోజులే ఉన్నాడు. "వాడు అన్నం బాగా వడ్డించేవాడురా, అందుకని మాకూ వెళ్ళిపోవాలనిపించలేదు. పేరు గుర్తు రావట్లేదు," అన్నాడు. నేనేమీ అనలేదు. ఏమనాలి?

ఇప్పుడు లెక్క చూడండి. 2022 చివరికి మన దేశంలో జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలు 4,34,302. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా దోషులని తేలనివాళ్ళు. మొత్తం జైళ్ళలో పట్టేది 4,36,266 మంది. విచారణ ఖైదీలతోనే దాదాపు నిండిపోయాయి. ఇలాంటప్పుడు హైడరింగ్ అద్దాల గోడల ఫొటోలు పట్టుకెళ్ళి ఏం చేస్తాం?

జర్మనీనుంచి పట్టుకెళ్ళాల్సింది వేరే ఉంది, అది ఏ టూరులోనూ కంటికి కనపడదు. వీళ్ళ క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 121వ సెక్షను. తీర్పు రాకుండా ఆరు నెలలకి మించి లోపల ఉంచాలంటే అసాధారణమైన కారణం ఉండాలి, ఆ సంగతి పైకోర్టు తేల్చాలి. ఆ తర్వాత కూడా కనీసం మూడు నెలలకోసారి మళ్ళీ చూడాలి. ఖైదీ అడిగినా అడక్కపోయినా ఫైలు కదలాల్సిందే. లాయరు దొరకలేదు, జామీను లేదు, వాయిదా పడింది అన్న మాటలు ఖైదీ మెడకి కాదు, ప్రభుత్వం మెడకి చుట్టుకుంటాయి.

మనకి చట్టం లేదా అంటే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను. గతంలో ఎప్పుడూ ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపేస్తే విడుదల చెయ్యాలి, మిగతావాళ్ళయితే సగం. మరణశిక్షో యావజ్జీవమో పడే కేసులకీ, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకీ వర్తించదు. అందులో నాకు బాగా నచ్చింది, ఆ గడువు పూర్తయిన వెంటనే జైలు సూపరింటెండెంటే కోర్టుకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలనడం. అంటే పెన్ను జైలరు చేతికిచ్చారు. మన అధికార్ల స్టడీ టూరు ఎవరైనా వేస్తే, ఆరు నెలల ఫైలు జర్మనీలో ఏ గుమాస్తా బల్లమీంచి ఏ బల్లమీదికి వెళుతుందో, తేదీ దాటకుండా ఎవరు కాపలా కాస్తారో, వారం రోజులు కూర్చుని చూసి రమ్మంటాను. సాయంత్రాలు హోహెన్‌షోన్‌హౌజెన్. అది సరదా కింద రాసుకోకుండా.

జర్మనీ స్వర్గమని నేననట్లేదు. టిక్కెట్టు లేకుండా రైలెక్కి, జరిమానా కట్టలేక జైలుకెళ్ళేవాళ్ళు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు. 2024 ఫిబ్రవరి నుంచి ఆ రోజుల్ని సగానికి తగ్గించారు గానీ పూర్తిగా తీసెయ్యలేదు. ఖైదీలకిచ్చే కూలి విషయంలో రెండు రాష్ట్రాల చట్టాలు రాజ్యాంగ విరుద్ధమని 2023 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానమే చెప్పింది. అయినా 'నేరం లేని బతుకు బతకగలిగేలా చెయ్యడమే జైలు పని' అని 1977 నుంచి అమలైన చట్టంలో రాసుకున్నారు. 

మనకీ జైలు టూరిజం ఉందండోయ్. 1796లో కట్టిన సంగారెడ్డి పాత జైల్లో 2016లో 'ఫీల్ ద జైల్' అని పెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కడితే ఒకరోజు ఖైదీ బట్టలు, ఖైదీ భోజనం ఇచ్చేవారు. ఆలోచన చెడ్డది కాదు. కానీ మర్నాడు తలుపు తీస్తారని తెలిసినవాడికి జైలెలా తెలుస్తుంది? ఆ 500లో కొంత ఇచ్చి, నిర్దోషిగా బయటపడ్డ ఓ మనిషిని అక్కడ కూర్చోబెట్టి మాట్లాడిస్తే నేనూ టిక్కెట్టు కొంటాను.

అత్తయ్య కోసం చివర్లో రోథెన్‌బుర్గ్ వెళ్ళాం. అక్కడా క్రైం మ్యూజియమే! తూకం తగ్గించిన రొట్టెలవాణ్ణి కూర్చోబెట్టి నీళ్ళలో ముంచే బోను చూసి అత్తయ్య మహా సంబరపడింది. మా వీధి కిరాణా షాపతన్ని తల్చుకుందట. మావయ్య బయట బెంచీమీద కూర్చుని, "ఆ సెక్షన్లు రెండూ తెలుగులో రాసివ్వరా" అన్నాడు. రాసిచ్చాను. "నా సర్వీసులో ఈ జైలరు రాయాలన్న ముక్క లేదు," అన్నాడు. ఉంటే రాసేవాడివా అని అడగబోయి ఊరుకున్నాను.

మొన్న ఫోన్ చేశాడు. సంఘంలో ఉపన్యాసం అయిందట. ఆరు నెలల సంగతే చెప్పాడట గంటసేపు. ఒకాయన లేచి, "అదంతా సరేగానీ, జైలు ఫొటోలేవండీ?" అన్నాడట. మావయ్య దగ్గరున్నవి రెండే. ఒకటి టేగెల్ గోడ. రెండోది బ్రాండెన్‌బుర్గ్ గేటు ముందు చీరమీద స్వెట్టరేసుకున్న అత్తయ్య.