పేరు లేని తలుపు



చూపు లేని పాప మన ఊరి బడిలో చేరితే ముందుగా ఏం చేస్తాం? తోటి పిల్లను పిలిచి, "పాపను చేయి పట్టుకుని తిప్పమ్మా" అంటాం. మంచి మనసుతోనే అంటాం. కానీ ఆ పాప వైపు నుంచి ఆలోచించండి. తన పుస్తకాలు ఏ అరలో ఉన్నాయో అడగాలి. మంచినీళ్లు ఎక్కడో అడగాలి. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు ఏదో కూడా ఎవరినో ఒకరిని అడగాలి. అడగలేక నీళ్లు తాగడమే తగ్గించుకునే పిల్లలు ఉంటారు.

లేవీయకాండము 19:14 చాలాసార్లు చదివాం. గుడ్డివాని ముందు అడ్డం వేయవద్దని అక్కడ ఉంది. మనం రాళ్లు వేయడం లేదు, నిజమే. కానీ చేతికి తెలిసేలా పేరు లేని తలుపు కూడా అడ్డమే అంటాను నేను. చూపున్న పిల్లలకు బడి గోడల నిండా రాతలే. ఆ పాపకు అవి ఉత్త గోడలు.

లూయీ బ్రెయిలీ 1824లో, 15 ఏళ్ల వయసులో, ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. మన తెలుగు అక్షరాలకూ ఆ చుక్కలు ఉన్నాయి. బ్రెయిలీ పలక, చుక్కలు పొడిచే స్టైలస్, మందపాటి కాగితం ఉంటే చీటీలు మనమే చేసుకోవచ్చు. వెనుక నుంచి పొడుస్తాం కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి, అంతే. బ్రెయిలీ తెలిసినవారితో ఒకసారి చదివించి అంటించండి.

అంటించే చోటు ముఖ్యం. తలుపు మీద వద్దు. పాప వేళ్లతో చదువుతుండగా లోపలివాళ్లు తలుపు తోస్తే ముఖానికి తగులుతుంది. గడియ వైపు గోడకు, అన్ని గదులకూ ఒకే ఎత్తులో, పాప చేతికి అందేలా ఉండాలి. కింద తెలుగులో పెద్ద అక్షరాలతోనూ రాయండి. కొద్దిగా చూపున్న పిల్లలకు అది పనికొస్తుంది. పైగా అలా రాయకపోతే సున్నం వేసేవాళ్లు చెత్త కాగితమనుకుని పీకేస్తారు! బ్రెయిలీ ఇంకా రాని చిన్నపిల్లలకు చీటీ పక్కన గుర్తుగా ఒక వస్తువు పెట్టండి. భోజనాల గది దగ్గర చెంచా, తన కుర్చీకి గరుకు గుడ్డముక్క. కానీ చీటీ మానకండి. చూపున్న పిల్లలు అక్షరాలు నేర్వకముందే వాటిని చూస్తూ పెరుగుతారు కదా, ఈ పాప కూడా తాకుతూ పెరగాలి.

"ఒక్క పిల్ల కోసం ఇంతా? అంధుల బడికి పంపవచ్చుగా?" అనేవారున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్లవరకు అలాంటి పిల్లలకు దగ్గరి బడిలోగాని, ప్రత్యేక బడిలోగాని ఉచితంగా చదివే హక్కు ఉంది. ఏ బడి అన్నది వాళ్ల ఇష్టం. అంధుల బడులు మంచివే. కానీ అమ్మానాన్నల దగ్గరుండి చదువుకుంటానన్న బిడ్డను, నాలుగు చీటీలు అంటించడం బరువని దూరం పంపడం నాకు న్యాయంగా తోచదు.

అంటించాక బెంచీలు, బీరువా జరిపితే పాపకు చెప్పండి. చుక్కలు అరిగితే చీటీ మార్చండి. మొదటి చీటీ ఎక్కడ కావాలో మాత్రం మీరు నిర్ణయించకండి, తననే అడగండి. మరుగుదొడ్డికి అంటే ఆశ్చర్యపోకండి.