రెండు బోర్డుల నడుమ

స్వహస్తములతో రేడియోను నిర్మించుకొను విద్యార్థికి విద్యుచ్ఛాస్త్రము గ్రంథములకంటె మిన్నగా బోధపడునని మా విశ్వాసము. హైదరాబాదు వాస్తవ్యులైన శ్రీ అష్హర్ ఫర్హాన్ రూపకల్పన చేయగా 2017లో వెలువడిన 'మైక్రోబిటెక్స్' కిట్టు దేశదేశముల ఔత్సాహికుల మన్ననలందినది. అందులో అక్షరములు చూపు తెర వెనుకనే పౌనఃపున్యమును నియంత్రించు చిన్న బోర్డు అమరి యుండును. ఇట్టి ఇరుకు చోట్లనే ప్రమాదము పొంచి యుండును.

గాలియే విద్యుద్బంధకము గదా, వేరొక అడ్డు ఏల యని కొందరు వాదింతురు. గాలి బంధకమే, కాని బోర్డును తన చోట నిలిపి యుంచజాలదు. మీట నొక్కినపుడు తెర వంగవచ్చును. కత్తిరించిన తీగముక్క లోపల జారిపడవచ్చును. పైబోర్డు అడుగున పొడుచుకొని యున్న సోల్డరు మొన క్రిందిబోర్డును తాకినచో, కష్టించి కూర్చిన భాగములు క్షణములో మాడిపోవును.

కనుక ముందుగా మొనలను కురచగా కత్తిరించి, నైలాను స్తంభములతో ఎడమును స్థిరపరచి, పిమ్మట పాలిమైడ్ టేపునో, పలుచని అభ్రకపు రేకునో అమర్చవలెను. మన గూడూరు గనుల అభ్రకము వేడికి చెక్కుచెదరదు. సామాన్యపు సెల్లోటేపు జిగురు వేడికి జారును. అట్ట తేమను పీల్చును. ఐ.సి.లను గ్రుచ్చి పంపు నల్లని స్పాంజి విద్యుద్వాహకము. దానిని నడుమ నుంచుట తగదు.

రేకు పెట్టితిమి గదాయని బోర్డులను మరింత దగ్గరకు నొక్కరాదు. అయిదేసి సెంటీమీటర్ల చదరపు రాగి ఫలకములు రెండు ఒక మిల్లీమీటరు ఎడముతో ఎదురెదురుగా నున్నచో, వాని నడుమ సుమారు 22 పికోఫారడుల కెపాసిటెన్సు ఏర్పడును. 30 మెగాహెర్ట్‌జుల వద్ద అది 240 ఓముల మార్గముతో సమానము. బ్యాటరీ విద్యుత్తును ఆపిన రేకే రేడియో తరంగములకు దారి యిచ్చును. ఎడము ప్రధానము, రేకు దానికి రక్షణ.

కిట్లకు ధనము మంజూరు చేయు కళాశాల సంఘము వారు నైలాను స్తంభములకు, బంధకపు రేకులకు, ఒక మల్టీమీటరుకు కూడ కొంత కేటాయింపవలెనని మా మనవి. విద్యార్థులు బ్యాటరీ తగిలించుటకు ముందే మీటరుతో షార్టు లేదని నిర్ధారించుకొనవలెను. తొలి యత్నమే పొగయై పోయినచో, పేద విద్యార్థి రెండవ కిట్టు కొనజాలడు. ఆ విద్యకే దూరమగును. స్వల్పవ్యయముతో తొలగు ఆ నష్టమును ఉపేక్షించుట న్యాయము కాదు.