క్రాంకు లేని ఇంజను - అరువు లెక్కలు

1900వ సంవత్సరమున పారిసులో జరిగిన ప్రదర్శనమునందు ఫ్రెంచి ఆటో కంపెనీవారు ఒక డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడపి చూపిరి. ఈ సంగతిని పిమ్మట రుడాల్ఫు డీజిలే వెల్లడించినాడు. వేరుసెనగ పండించు చిత్తూరు రైతునకు మాత్రము దీనివలన ఒరిగినది లేదు. అతని చేనికాయ మిల్లునకు పోయినది; అతని బావిమీది ఇంజనులోనికి ఎక్కడనుండియో వచ్చిన చమురు పోయినది. నూనె వెల యెక్కువయగుట ఇందుకొక కారణము. ఆ నూనె ఆ యంత్రములో ఎట్లు మండునో లెక్కగట్టి చూచుకొను విద్య మనచేత లేకుండుట మరియొకటి యని మా అభిప్రాయము.

అట్టి సమయము మరల వచ్చుచున్నది. స్వేచ్ఛా పిస్టను ఇంజను పేరునకు క్రొత్తదే గాని పుట్టుకకు పాతది. అర్జెంటీనా దేశీయుడగు పెస్కారా 1928లో దానికి అమెరికాలో పేటెంటు పొందెను. రెండవ ప్రపంచసంగ్రామమున జర్మను జలాంతర్గాములలో ఇట్టి యంత్రములు గాలిని కుదించుటకు వాడబడినవి. పిదప మూలబడి, 1990 తరువాత మరల లేచినది. పిస్టనుకు అయస్కాంతములు కూర్చి, చుట్టును తీగచుట్టలుంచి, తిన్నగా విద్యుత్తునే తీయవచ్చునని అమెరికాలో సాండియా ప్రయోగశాలవారును, జపానులో టొయోటావారును పూనుకొనిరి. పొలములకు కరెంటు వచ్చినది గదా, ఇంజను మాట యేల యని కొందరడుగవచ్చును. కరెంటు పోయిన రాత్రి మన పాలకేంద్రములలోను, ఆసుపత్రులలోను మ్రోగు డీజిలు జనరేటర్లే వారికి జవాబు చెప్పగలవు.

మామూలు ఇంజనులోని పిస్టను గానుగెద్దు వంటిది. క్రాంకుషాఫ్టు ఏర్పరచిన హద్దుల నడుమనే తిరుగవలెను. ఏ క్షణమున ఎచ్చటనుండునో ముందే చెప్పవచ్చును. స్వేచ్ఛా పిస్టనుకు ఆ పలుపు లేదు. మంటయొక్క ఒత్తిడి, ఎదుటి వాయువుయొక్క ఒత్తిడి, విద్యుత్తు తీయుటవలని అడ్డు, రాపిడి - ఇవి త్రోసినట్లు అది కదలును. మంట ముందుగా అంటుకొన్నచో నడుమనే వెనుకకు మరలును. ఆలసించినచో సిలిండరు తలను గ్రుద్దుకొనును. మంట కదలికను నిర్ణయించును, కదలిక మంటను నిర్ణయించును. ఇంధనమునుబట్టి కుదింపును మార్చుకొనవచ్చుననుటయే దీని గొప్ప. ఆ గొప్పయే దీని చిక్కు. కావున ఈ యంత్రమునకు కంప్యూటరు గణితము అలంకారము గాదు. క్రాంకు చేయు పనిలో సగము ఆ గణితమే చేయవలసియున్నది.

ఆ గణితమున సులభమార్గమొకటి గలదు. సిలిండరునంతను ఒకే గదిగా భావించి, వేడి విడుదలయగు క్రమమును ఒక సూత్రముతో వ్రాయుదురు. రష్యా దేశీయుడగు వీబె సూత్రము ఇందు ప్రసిద్ధము. మేజమీది కంప్యూటరే దానిని క్షణములలో ముగించును. కాని అది క్రాంకు తిరిగిన కోణమునుబట్టి వ్రాయబడినది. క్రాంకే లేనిచోట కోణమెక్కడిది? దానిని కాలమునుబట్టి తిరిగి వ్రాసికొనవలెను. అందలి అంకెలను మాత్రము పాత ఇంజనులనుండి అరువు తెచ్చినచో ఫలితము నమ్మరాదు. ఏలయన ఈ పిస్టను పైచివర నిలుచు కాలము తక్కువ. రెండవ మార్గమున సిలిండరులోని చోటును లక్షల గళ్లుగా విభజించి, ప్రతిగడిలోను వాయువుయొక్క వేగమును, ఒత్తిడిని, వేడిని లెక్కింతురు. దీనికి పెక్కు ప్రాసెసర్లు దినముల కొలది శ్రమింపవలెను. రసాయనము చేరినచో భారము చెప్పనలవిగాదు. బయోడీజిలుకు ప్రతినిధిగా లివర్మోరు ప్రయోగశాలవారు 2008లో తీసికొనిన మిథైలు డెకనోయేటు అను ఒక్క పదార్థపు దహనమునకే దాదాపు 3000 పదార్థములు లెక్కలోనికి వచ్చినవి. మన బాటల ప్రక్కనున్న కానుగచెట్ల నూనెకు ఆ ప్రతినిధి ఎంతవరకు తగునో తేల్చవలసినవారము మనమే గాని లివర్మోరువారు గారు.

ఇందుకు పరికరములు లేవనుట చెల్లదు. ఓపెన్‌ఫోమ్ అను ప్రోగ్రాము 2004నుండి ఎల్లరకు ఉచితముగ లభించుచున్నది. దాని లోపలి వ్రాతను మనవారు చదివి మార్చుకొనవచ్చును. మూతవేసిన పెట్టెవలె కొన్న ప్రోగ్రాముతో ఆ సౌకర్యము లేదు. 2015లో వెలసిన ఏర్పేడులోని ఐ.ఐ.టి., 1954నుండి యున్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము మనకు చేరువ. దహనవిద్యకు ప్రత్యేక కేంద్రముగల మద్రాసు ఐ.ఐ.టి. కొలదిగంటల ప్రయాణము.

అయితే రంగురంగుల మంటల పటములు గీచి పట్టములు పుచ్చుకొనుటను మేము పరిశోధన యనము. పంచాంగకర్త చెప్పిన వేళకు గ్రహణము పట్టకున్నచో ఆ పంచాంగము నెవరు కొందురు? 2022నుండి తిరుపతి జిల్లాలోనికి వచ్చిన శ్రీహరికోటలో, ఎస్-200 మోటారును 2010 జనవరి 24న నేలమీదనే మండించి కొలిచినారు. అది ఆకాశమున కెగిరినది 2014లో. లెక్కను నిప్పుతో సరిచూచు ఆ పద్ధతి మన యింటిప్రక్కనే యున్నది.

ఒక్క సిలిండరు, ఒక పిస్టను, కానుగనూనెనుండి తీసిన ఇంధనము, ఒత్తిడిని క్షణక్షణమును కొలుచు సాధనము - ప్రారంభమునకు ఇంతకన్న నక్కరలేదు. నూనెకు గింజలు సమకూర్పగల భూస్వాములు మా చదువరులలో పెక్కురున్నారు. విద్యాలయములవారు లెక్క ఎచ్చట తప్పినదో గూడ దాచక ప్రకటించినచో, ఆ తప్పుల పట్టికను మేము ఈ పత్రికలో సంతోషముతో అచ్చువేయుదుము.