విశాఖకు చైనీస్ వచ్చినవాళ్ళు కావాలి

విద్యార్థులకు, తల్లిదండ్రులకు, ఆంధ్ర విశ్వవిద్యాలయం పెద్దలకు విన్నపం

ద్వారకానగర్‌లో ఏ మేడ చూసినా విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డు కనిపిస్తుంది. చైనాలో ఎంబీబీఎస్ అనగానే ‘ఇంగ్లిష్ మీడియమేనండీ, భాషతో పనిలేదు’ అంటారు. అది సగం నిజం. పాఠం ఇంగ్లిష్‌లోనే చెబుతారు. వార్డులో రోగి మాత్రం తన నొప్పి తన భాషలోనే చెప్పుకుంటాడు. అందుకే హెచ్.ఎస్.కె. అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి గట్టెక్కనివాళ్ళకు డిగ్రీ ఇవ్వరని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో హెచ్చరించింది. పాత లెక్కన ఆ స్థాయికి 1200 మాటలు రావాలి. అనాటమీ బట్టీపడుతూ మధ్యలో దొరికిన తీరికలో అయ్యే పని కాదిది.

డాక్టరీకని చైనా వెళ్ళినవాళ్ళు మన పేటల్లో చాలామందే ఉన్నారు. భాషనే చదువుగా పెట్టుకుని వెళ్ళినవాళ్ళు ఒక్కరైనా మీకు తెలుసా? మా బాధ అదే.

ఈ ఊరికి ఆ భాషతో ఏం పని అనకండి. 1933లో తెరిచిన రేవు మనది. 1976లో ఔటర్ హార్బర్ కట్టింది బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం. అప్పట్లో కొనేది జపాన్. 2000 తర్వాత మన దేశపు ఇనుప ఖనిజానికి పెద్ద గిరాకీ చైనాది. పరవాడ ఫార్మా సిటీకి వెళ్ళండి. బల్క్ డ్రగ్స్‌కి కావలసిన ముడి రసాయనాల్లో చాలాభాగం చైనానుంచే దిగుతుంది. ఇక రొయ్య సంగతి. మన వనామీకి అమెరికా తర్వాత పెద్ద బజారు చైనాయే. అక్కడి కస్టమ్స్ దగ్గర నమోదైన ప్లాంటు సరుకే లోపలికి పోతుంది. 2020లో ప్యాకింగ్ మీద కరోనా జాడ ఉందంటూ మన దేశపు సరుకు కొంత ఆపేశారు కూడా. అలాంటప్పుడు వచ్చే చైనీస్ కాగితాన్ని మధ్యవర్తి ఎలా చదివి చెబితే అలా నమ్మాల్సిందేనా? 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కాక ఈ ప్రశ్న చెరువు గట్టుదాకా వచ్చింది.

ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో లేచిన రోజుల్లో రష్యన్ వచ్చినవాళ్ళకు ఎంత విలువుండేదో ఉక్కునగరం పెద్దల్ని అడగండి.

శత్రుదేశపు భాష మనకెందుకు అని కొందరు కోపంగానే అడుగుతారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ మరుసటి నెలే వచ్చిన జాతీయ విద్యావిధానం, ముసాయిదాలో ఉన్న చైనీస్‌ని విదేశీ భాషల ఉదాహరణల్లోంచి తప్పించింది. కానీ 2023లో టెరిటోరియల్ ఆర్మీ చైనీస్ వచ్చిన అధికారులను వెతికి తీసుకుంది. సరిహద్దులో ఎదుటివాడి మాట తెలియాలని సైన్యమే అనుకున్నాక, తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్ళో మనకెందుకు ఈ మొహమాటం?

మరి ఇక్కడే నేర్చుకోవచ్చు కదా? మొదలుపెట్టడం ఇక్కడే పెట్టాలి. తెలుగువాడికి ఒక సుళువు కూడా ఉంది: క, ఖ, ప, ఫ తేడా (బళ్ళో నేర్పినట్టు పలికితే) ఆ భాషలోనూ మాటను మారుస్తుంది. నాలుగు స్వరాల దగ్గరే మనం తడబడతాం. గొంతు పైకి పోతే ఒక మాట, కిందికి దిగితే ఇంకో మాట. కూరగాయల బజారులో, హాస్టల్ మెస్సులో, బస్సులో పొద్దస్తమానం చెవిన పడితే తప్ప అది పట్టుబడదు. సాయంత్రం గంట చొప్పున నడిచే సర్టిఫికెట్ కోర్సుతో పలకరింపులు వస్తాయి, బేరం రాదు.

అందుకే మేం అడుగుతున్నది ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. నూరేళ్ళ గుర్తుగా ఇంకో విగ్రహం కాకుండా, చైనీస్‌లో పూర్తిస్థాయి డిగ్రీ పెట్టండి. రెండేళ్ళు ఇక్కడ, మూడో ఏడు చైనీస్ మాట్లాడే చోట, ఆఖరి ఏడాది మళ్ళీ ఇక్కడ. ఆ చివరి ఏడాది సగం రోజులు రేవులోనో, ఫార్మా కంపెనీలోనో, రొయ్యల ఎగుమతి ఆఫీసులోనో పనిచేస్తూ చదవాలి. ఖర్చులో కొంత ఆ సంస్థలే భరించాలి, లాభపడేది వాళ్ళే. రాష్ట్ర ప్రభుత్వం విదేశీ విద్యకిచ్చే సాయాన్ని ఈ భాషా సంవత్సరానికీ వర్తింపజేయాలి. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్, తైవాన్ వాళ్ళ హువాయూ స్కాలర్‌షిప్ ఉన్నాయని కాలేజీ నోటీసు బోర్డులోనైనా పెట్టాలి.

ఒక్క దేశాన్నే నమ్ముకోవద్దు. 2020 మొదట్లో కరోనా వచ్చినప్పుడు, తిరుపతి దగ్గరి డిస్‌ప్లే ప్యానెళ్ళ కర్మాగారం తరఫున శిక్షణకు వెళ్ళిన 50 మందికి పైగా మన ఇంజనీర్లు ఊహాన్‌లో చిక్కుకున్నారు. ఇంటికొచ్చిన వైద్య విద్యార్థులకు తిరిగి వీసాలు దొరికేసరికి 2022 ఆగస్టు అయింది. బీజింగ్‌తో ఒక ఒప్పందం ఉంటే తైపేతో ఇంకొకటి ఉండాలి. తైవాన్‌లో పాత లిపి, చైనాలో కుదించిన లిపి. ఒకటి బాగా వస్తే రెండోది కొన్నాళ్ళ సాధనతో పట్టుబడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. లక్షలు కట్టే ముందు కన్సల్టెన్సీవాళ్ళను ఒక్కటడగండి: మా పిల్లకు చైనీస్ ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని గంటలు? జవాబు కాగితం మీద రాసిమ్మనండి.

ఈ కరపత్రం వెనకవైపు ఖాళీగా వదిలాం. డిగ్రీ కావాలనుకునేవాళ్ళు అక్కడ పేరు, కాలేజీ, ఒక్క వాక్యం రాసి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వండి. ముద్ర వేసిన రసీదు తీసుకోవడం మరవకండి.