అడగకపోయినా చెప్పవలసిందే
మణికొండ జాగీర్‌లో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు వాదించిన 1654 ఎకరాలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే అక్కడ ఆకాశహర్మ్యాలు వెలిశాయి. వివాదం తేలకముందే కట్టడాలు లేచే ఈ పద్ధతిని మేము నిరసిస్తున్నాం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మాత్రం వాటిని మినహాయించింది. అంటే ఖబరస్తాన్‌ను ఆనుకుని అంతస్తులు లేచినా పొరుగువారి మాట వినే బహిరంగ విచారణ ఉండదు. ఈ మినహాయింపు రద్దు కావాలి. అంతవరకు మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరాలకు ఇచ్చే గడువును మనం జారవిడవరాదు. ప్రతి మసీదు కమిటీ తన ఖబరస్తాన్ సర్వే నంబరుతో రాతపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేయాలి. గడువు దాటిన మొర అరణ్యరోదనమే.